గీతలు పడని సీడీ

ఏప్రిల్ 15, 2025, మంగళవారం

ఈ నోటుబుక్కు ఎలిశబెతు మేడం ఇచ్చింది. ఫిజియోథెరపిస్టు. మంగళ, శుక్రవారాలు నెల్లూరు నుంచి మైపాడు బస్సులో మా ఇంటికి వస్తుంది. ఏ పూట ఏ ఎక్సర్‌సైజు చేశానో, ఎన్నిసార్లు చేశానో రాయమంది.

పొద్దున పది. సాయంత్రం సున్నా.

కుడిచెయ్యి రాదు. ఎడమచేత్తో రాస్తున్నాను. కోడి గీకినట్టుంది. ఈ నాలుగు లైన్లకు అరగంట పట్టింది. పట్టనీ. వేరే పనేముంది.

ఈరోజు నుంచి వేట నిషేధం. రెండు నెలలు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. అంటే ఊళ్ళో ఇంజన్లన్నీ రిపేరుకు వస్తాయి. ఏడాది మొత్తంలో నాకు అన్నం తినే తీరిక ఉండనిది ఈ రెండు నెలలే. ఇరవై ఏళ్ళుగా ఇంతే. ఈసారి నా షెడ్డులో చెంచయ్య కూర్చున్నాడు. నా దగ్గరే పని నేర్చుకున్నాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. వాడు ఇంజన్ స్టార్ట్ చేస్తే ఇంట్లోకి వినిపిస్తుంది. ఇందాక స్టార్ట్ చేసిన దాంట్లో రెండో సిలిండరు కొట్టడం లేదు. వాడు అలాగే రేస్ చేస్తూ ఉన్నాడు.

ఏప్రిల్ 16

పొద్దున పది. పిండిముద్ద పిసకడం: పిసకలేదు. ముద్ద నా చేతిలో ఉంది, అంతే.

ఏప్రిల్ 18, శుక్రవారం

మేడం రాలేదు. గుడ్ ఫ్రైడే. ఎక్సర్‌సైజులు చేయలేదు. చేశానని రాద్దామనుకున్నాను కానీ అబద్ధం రాయడానికీ ఎడమచేత్తోనే కష్టపడాలి.

ఫిబ్రవరి తొమ్మిదిన షెడ్డులో స్పానరు చేతిలోంచి జారింది. వంగి తీసుకుందామంటే చెయ్యి కదల్లేదు. తర్వాత కాలూ కదల్లేదు. నలభై నాలుగేళ్ళకు పక్షవాతం ఏమిటని ఆస్పత్రిలో అందరూ నన్నే అడిగారు, నేనేదో కావాలని తెచ్చుకున్నట్టు. కాలు కొంచెం తిరిగి వచ్చింది. కర్ర పట్టుకుని బాత్రూం దాకా పోతాను. మాట ముద్దగా వస్తుంది, అందుకని ఎక్కువ మాట్లాడను. చెయ్యి మాత్రం భుజానికి తగిలించిన బరువు.

దుర్గ రొయ్యల షెడ్డులో ఒలిచే పనికి పోతుంది. పొద్దున అయిదున్నరకు వ్యాను వస్తుంది. అంతకుముందే నాకు మొహం కడిగి, టిఫిను పెట్టి, నీళ్ళు అందేలా పెట్టి పోతుంది. మూడింటికి వస్తుంది. ఐసులో నాని వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. వచ్చి నాకు స్నానం చేయిస్తుంది. మా పెళ్ళయి ఇరవై ఏళ్ళు. ఏనాడూ ఆ వేళ్ళను ఇంత దగ్గరగా చూడలేదు. ఇప్పుడు చూస్తుంటే కోపం వస్తుంది. ఎవరి మీదో తెలియదు.

ఏప్రిల్ 20, ఆదివారం

రాజ్ కుమార్ అన్న వచ్చాడు. తొంభై ఎనిమిదిలో నేను నెల్లూరులో ఐటీఐ చదివేటప్పుడు ఆయనకు వీడియో గేమ్స్ షాపు ఉండేది. నాలుగు టీవీలు, నాలుగు ప్లేస్టేషన్లు, ఒక టేబుల్ ఫ్యాను. క్లాసు అయిపోగానే అక్కడ పడి ఉండేవాణ్ణి. మొదట ఆడటానికి పోయాను. తర్వాత సీడీలు మార్చేదీ, చేత్తో పట్టుకుని ఆడే రిమోట్లు విప్పి బాగుచేసేదీ నేనే అయ్యాను. రెండేళ్ళు అలా గడిచాయి.

ఇప్పుడు ఆయనకు తల మీద జుట్టు లేదు. అట్టపెట్టె ఒకటి మంచం పక్కన పెట్టాడు. "అటక మింద నుంచి దించినా రేయ్ గణేషా. పారేద్దామంటే నీ మొగం గుర్తుకొచ్చింది" అన్నాడు.

బూడిదరంగు ప్లేస్టేషన్. ఒకే రిమోటు. ఆడినంతవరకూ ఆటను దాచిపెట్టే మెమరీ కార్డు ఒకటి. తొమ్మిది సీడీలు, అన్నీ కాపీలే, పైన మార్కరుతో పేర్లు. కొట్టుకునే ఆట టెక్కెన్ త్రీ. కార్ల రేసు గ్రాన్ టురిస్మో. ఒక ఫుట్‌బాల్. దయ్యాల బంగళాలో తుపాకీ పట్టుకుని తిరిగేది ఒకటి. మిగతావి చాలావరకు చెరిగిపోయాయి.

దుర్గ చూసి ఇదేంది, ఇస్త్రీపెట్టె మాదిరి ఉండాది అంది.

టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు అన్నే తగిలించాడు. సీడీ తిరిగింది, ఆగింది, తిరిగింది. రాలేదు. తిరగెయ్యి అన్నాను. ఇద్దరం నవ్వాం. లెన్సు అరిగిపోయిన ప్లేస్టేషన్‌ను తలకిందులుగా పెడితే పనిచేస్తుంది. షాపులో మూడో టీవీది రెండేళ్ళూ తలకిందులుగానే పనిచేసింది. దుర్గ రెండు స్టీలు గ్లాసులు తెచ్చి వాటి మీద బోర్లించింది. ఈసారి వచ్చింది.

అన్న పోయేటప్పుడు నా కుడిచెయ్యి పట్టుకుని ఊపాడు. పట్టుకోవడం కంటికి కనిపించింది, చేతికి తెలియలేదు.

ఏప్రిల్ 21, పొద్దున 10 గంటలు

దుర్గ పనికి పోయాక మెమరీ కార్డు తెరిచి చూశాను. నా ఫైలు ఉంది.

గ్రాన్ టురిస్మోలో నా గ్యారేజి. ఇరవై ఆరేళ్ళుగా ఆ కార్డులో ఉంది. షాపు మూసే ముందు అన్న నన్ను ఒక గంట ఊరికే ఆడుకోనిచ్చేవాడు. ఆ గంటలన్నీ ఇందులో ఉన్నాయి. రేసుల్లో దిగడానికి పాసవ్వాల్సిన లైసెన్సు పరీక్షలన్నిట్లోనూ గోల్డు. ఒక తెల్లకారు. దాని గేరు రేషియోలు నేను ఒక్కొక్క పాయింటు మార్చి మార్చి సెట్ చేశాను. గేరు రేషియో అంటే ఏమిటో ఐటీఐలో సారు చెప్పకముందే ఈ కారు దగ్గర నేర్చుకున్నాను. ఆ రోజు క్లాసులో నేను చెప్పిన జవాబుకు సారు నన్ను ముందు బెంచీకి పిలిచాడు. నేను మెకానిక్కునైంది అక్కడే.

ఈ లాప్ టైములు కొట్టిన చెయ్యి ఇదే. ఒళ్ళో పడుంది.

ఏప్రిల్ 22

రేసు ఆడాలంటే ఎడమ బొటనవేలితో స్టీరింగు, కుడి బొటనవేలితో యాక్సిలరేటరు. యాక్సిలరేటరు బటను మీద సైకిల్ ట్యూబు ముక్క కట్టాను. నోటితో ముడి వేశాను. కారు ఎప్పుడూ ఫుల్ స్పీడులోనే ఉంటుంది. బ్రేకు లేదు. మలుపు దగ్గర గోడ. మళ్ళీ మలుపు, మళ్ళీ గోడ.

ఆరు కార్లలో ఆరో స్థానం. పదకొండు సార్లు.

మేడం రబ్బరు చూసింది. కుడి బొటనవేలిని బటను మీద పెట్టి నొక్కమంది. నేను నొక్కుతున్నానని అనుకున్నాను. వేలు కదల్లేదు.

ఏప్రిల్ 24

ఫుట్‌బాల్: టాసు దాకా వచ్చి ఆగింది. దయ్యాల బంగళా: తలుపు తెరుచుకుంటూ ఉంది, పావుగంటయినా తెరుచుకుంటూనే ఉంది. అందరికీ ఇష్టమైన సీడీలన్నీ గీతలే. టెక్కెన్ మాత్రం రెండుసార్లు పెడితే ఒకసారి వస్తుంది.

ఏప్రిల్ 25, శుక్రవారం, సాయంత్రం

ఈరోజు గెలిచాను. సరిగ్గా రాస్తే, గెలిచాం.

టెక్కెన్ పెట్టి ఎడమచేత్తో ఊరికే మనిషిని ముందుకీ వెనక్కీ నడిపిస్తూ దెబ్బలు తింటున్నాను. దుర్గ అన్నం వార్చి వచ్చి చూసి, కొట్టకుండా నిలబడినావేంది అని అడిగింది. కొట్టే బటన్లు కుడిచేతివి అన్నాను. వచ్చి నా కుడిపక్కన ఆనుకుని కూర్చుంది. రిమోటుకు ఆ చివర తను పట్టుకుంది. నేను నడుపుతాను, తను కొట్టాలి.

మొదట అన్నీ తప్పే. ఇప్పుడు అంటే అప్పటికే నొక్కేస్తుంది. ఆగు అంటే ఆగదు. అరిచాను. నీ మాట నోట్లోంచి వచ్చేలోపు వాడు కొట్టేస్తా ఉండాడు, నేను వాణ్ణి చూసే కొడతా పో, అంది. చూసి కొట్టింది. పదేళ్ళుగా రొయ్య తల తుంచి, పొట్టు లాగి, నరం తీసే వేళ్ళు. నాలుగు బటన్ల మీద ఎట్లా తిరుగుతున్నాయో నా కంటికే అందలేదు. ఏడుగురిని పడగొట్టాం. ఎనిమిదో వాడి దగ్గర దుర్గకు నవ్వొచ్చి రిమోటు వదిలేసింది.

ఫిబ్రవరి తర్వాత తను నవ్వడం ఇదే.

ఎక్సర్‌సైజు: సున్నా.

ఏప్రిల్ 28

చివరివాడి దాకా పోయాం. ఓడాం. తప్పు నీదే అంది. అవును, నాదే.

మే 2, శుక్రవారం

మేడం ముందు ఆడి చూపించాం. మెచ్చుకుంటుందనుకున్నాను.

కాసేపు చూసింది. "మీ ఆవిడ చెయ్యి బాగానే ఉండాది గణేష్ అన్నా. దానికి నేను వైద్యం చెయ్యనక్కర్లా" అంది. తర్వాత దుర్గ వైపు తిరిగి, నువ్వు సాయం చేసే కొద్దీ ఆ చెయ్యి నిద్రపోతానే ఉంటుందమ్మా, ఇంక ఆయన పక్కన కూర్చోవద్దు అంది. దుర్గ మొహం చిన్నబోయింది. పొద్దున నుంచి రాత్రి దాకా నాకు చేసేదంతా తప్పన్నట్టు వినిపించి ఉంటుంది.

మేడం నా వేలిని బటను మీద పెట్టి, దుర్గ చూస్తుండగా, నొక్కమని ఇరవైసార్లు చెప్పింది. ఇరవైసార్లూ నేను టీవీ వైపు చూశాను.

మే 5

నేను ఆడటం మానేశాను. దుర్గ పెట్టెలో మిగిలిన సీడీలు ఒక్కొక్కటే వేసి చూసింది. ఒకదాని మీద ఫార్మ్ అని నీలం మార్కరుతో ఉంది. దాన్ని వెనక్కి తిప్పితే అద్దంలా ఉంది. ఒక్క గీత లేదు. షాపులో దాన్ని ఎవరూ అడిగేవారు కాదు. ఎవడైనా కొట్టుకోవడానికి వస్తాడు, కాల్చడానికి వస్తాడు. గడ్డి పీకడానికి ఎవడొస్తాడు.

అదే ఇప్పుడు ఆగకుండా నడుస్తోంది.

మే 7

ఆ ఆటలో తాత పోయాక ఒకడికి పాడుబడిన పొలం వస్తుంది. రాళ్ళు ఏరాలి, గడ్డి కోయాలి, విత్తనాలు చల్లాలి, నీళ్ళు పోయాలి. అంతే. ఒక మలుపు లేదు, ఒక దెబ్బ లేదు. దుర్గ మూడింటికి వస్తుంది, నాకు స్నానం చేయించి, కూర పొయ్యి మీద పెట్టి, టీవీ ముందు కింద కూర్చుంటుంది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతుంది. నన్ను అడగదు.

మా రెండు వైపులా ఎవరికీ సెంటు పొలం లేదు. తాతల కాలం నుంచీ సముద్రమే. నీకు పొలం పని ఏం తెలుసని అడిగాను. "ఇక్కడ నేను నీళ్ళు పోస్తే అది మొలుస్తా ఉండాది" అంది.

మే 9

మేడం వచ్చి పోయింది. వేలు అలాగే ఉంది. చెంచయ్య షెడ్డులో ఈరోజు అయిదు ఇంజన్లు. లెక్కపెట్టకూడదనుకున్నాను.

మే 13

ఆటలో దుర్గకు రెండు కోళ్ళు వచ్చాయి. ఆవును కొంటుందట. పొద్దున నా మొహం కడుగుతూ కూడా ఆ సంగతే చెప్పింది. నాకు విసుగు పుట్టింది. ఊ అన్నాను.

మే 14, బుధవారం

ఇది రాయకూడదు. రాస్తాను.

పొద్దున దుర్గ పోయాక నా గ్యారేజి చూద్దామని కార్డు తెరిచాను. తెల్లకారు లేదు. లైసెన్సులు లేవు. ఫైలే లేదు. ఆ చోట చిన్న కోడిబొమ్మ ఉంది. రెండుసార్లు ఆపి, మళ్ళీ పెట్టి చూశాను. ప్లేస్టేషన్‌ను తిరగేసి, మామూలుగా పెట్టి, మళ్ళీ తిరగేశాను. కోడిబొమ్మే.

మూడింటిదాకా మంచం మీద కూర్చున్నాను. వచ్చింది. చెప్పుల్లోంచి కాలు తీయకముందే అడిగాను. తనకు మొదట అర్థం కాలేదు. తర్వాత చెప్పింది. రోజూ కొత్త గడిలో సేవ్ చేసుకుంటోంది, రాత్రి ఆట సేవ్ కాలేదు, కార్డు నిండిపోయిందని వచ్చింది, ఏదో ఒకటి తీసేస్తే గానీ ఎక్కదు. మొదటి గడిలో కారుబొమ్మ ఉంది. షాపులో ఎవరిదో పాతది అనుకుని తీసేసింది.

నేను ఏమన్నానో అంతా రాయను. చాలా అన్నాను. ముద్దమాటలో కోపం ఇంకా అసహ్యంగా ఉంటుంది, నాకే వినిపిస్తోంది, అయినా ఆపలేదు. ఆఖరికి "రొయ్యలు ఒలిచేదానికి ఆటలెందుకే" అన్నాను. అని, ఎడమచేత్తో రిమోటు పట్టుకుని లాగి గోడకేసి కొట్టాను. వైరు ప్లగ్గు దగ్గర తెగింది. స్టీలు గ్లాసులు దొర్లాయి.

దుర్గ అరవలేదు, ఏడవలేదు. టీవీ వెనక వైర్లు తీసింది. ప్లేస్టేషన్‌ను పాత చీరలో చుట్టింది. స్టూలు ఎక్కి బీరువా మీద వెనక్కి తోసింది. నేను కర్ర పెట్టినా అందదు అక్కడ. దిగి వచ్చి నా చొక్కా గుండీలు విప్పింది. స్నానానికి.

మే 15

దుర్గ టిఫిను పెట్టి, నా వైపు చూడకుండా వ్యాను ఎక్కింది.

మే 17

అన్నీ చేస్తోంది. టైముకు టిఫిను, టైముకు మాత్ర. స్నానం చేయించేటప్పుడు ఇంతకుముందు చెయ్యెత్తు, కళ్ళు మూసుకో, తల వంచు అనేది. ఇప్పుడు తనే ఎత్తుతుంది, తనే వంచుతుంది. నేను గిన్నెనో చెంబునో అయినట్టు. ఒక్కసారైనా విసురుగా నీళ్ళు పోస్తే బాగుండుననిపించింది. పోయదు. నులివెచ్చగానే పోస్తుంది.

ఆ ఫైలు గురించి నేను ఏనాడైనా చెబితే కదా తనకు తెలిసేది. తను లేనప్పుడు చూసుకున్నాను, తను వచ్చేలోపు మూసేశాను.

మే 18, ఆదివారం

మా అమ్మాయి బిందు హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. ఆ పాత గేములన్నీ ఫోన్లోనే వస్తాయి నాన్నా, నేను వేసిస్తా అంది. ఫోన్ పెట్టేశాను.

మే 20, మంగళవారం

మేడం ఆటపెట్టె ఏమైందని అడిగింది. రిమోటు పాడైందన్నాను. దుర్గ వంటింట్లో గిన్నె గట్టిగా పెట్టింది. మేడం అటు చూసి, ఇటు చూసి, సంచి తెరిచింది. పిండిముద్ద కొత్తది ఇచ్చింది. పోయేటప్పుడు గుమ్మం దగ్గర, "అన్నా, చేతికీ కోపం వస్తుంది, మీకు వచ్చినట్టే. బతిమాలుకోండి" అంది.

మే 21

రిమోటు మంచం కింద ఉంది. కర్రతో లాగి తీశాను. ప్లగ్గు దగ్గర రబ్బరు చీలి లోపల ఎనిమిది తీగలు తెగాయి. వెంట్రుకల్లా ఉన్నాయి. షాపులో ఇలాంటివి నెలకు నాలుగు అతికించేవాణ్ణి, మాట్లాడుతూ, టీవీ చూస్తూ.

తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్ షెడ్డులో ఉంది.

మే 22, గురువారం

చెంచయ్యకు ఫోన్ చేయడానికి పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. ఫిబ్రవరి నుంచి వాడు నాలుగుసార్లు వచ్చాడు. నాలుగుసార్లూ నేను నిద్ర నటించాను.

ఐరన్, సీసం, చిన్న చాకు పట్టుకుని వెంటనే వచ్చాడు. రిమోటు చూసి, ఇట్టియ్యన్నా, అయిదు నిమిషాల్లో అతికిస్తా అన్నాడు. వద్దన్నాను. మళ్ళీ అడిగాడు. వద్దన్నాను కదరా అన్నాను. గుమ్మం దాకా పోయి నిలబడి, ఒక ఇంజన్ ఎంత చేసినా పొగ పోవడం లేదని మెల్లగా అన్నాడు. వినిపిస్తానే ఉండాది, కార్బొరేటర్లో ఫ్లోట్ లెవలు చూడు అన్నాను. నిద్రపోతా ఉండావనుకున్నానే అన్నాడు.

మే 23, శుక్రవారం

మేడం ముందు ఏమీ బయటపెట్టలేదు. ఆమె పోయాక మొదలుపెట్టాను.

తీగ చివర ప్లాస్టిక్కు పళ్ళతో లాగాలి. నాలుగు తీగలు లాగితే రెండు తెగాయి. మెలిపెట్టడం ఎడమచేత్తో అవుతుంది. ఐరన్ కూడా ఎడమచేత్తోనే పట్టాలి. అప్పుడు మెలిపెట్టిన తీగను పట్టుకునేది ఎవరు. గిన్నె బరువు పెట్టాను, జరిగింది. బట్టల క్లిప్పు పెట్టాను, కరిగింది. మోకాలితో నొక్కాను, నోట్లో పెట్టుకున్నాను. తీగ ఊగుతుంది, సీసం బల్ల మీద పడుతుంది.

దుర్గ వ్యాను హారను వినిపించి అన్నీ మంచం కిందకు తోశాను.

మే 24

ఒక తీగ కూడా అతకలేదు. సాయంత్రానికి ఐరన్‌ను కూడా గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. అదొక్కటే ఈరోజు చేసిన పని.

మే 26, సోమవారం, మధ్యాహ్నం 1 గంట

కాలింది.

కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి బల్ల మీద పెట్టాను. బొటనవేలిని తీగ మీద ఆనించాను, బరువు కోసం, గిన్నెకు బదులు. ఐరన్ పెట్టాను. సీసం కరిగి జారి వేలి పక్కన పడింది. అబ్బా అని వెనక్కి తీసుకున్నాను.

తీసుకున్నాక ఆగి చూశాను. అబ్బా అన్నాను. వెనక్కి తీసుకున్నాను. ఎడమచేత్తో ఎత్తి తీయలేదు. చెయ్యి అంతా కాదు, ఒక అంగుళం, వేలు మాత్రం.

ఇంకా మండుతోంది. నీళ్ళలో పెట్టలేదు. మండనీ.

మే 27, మంగళవారం

మేడం బొబ్బ చూసి బాగా తిట్టింది. మొద్దుబారిన చెయ్యి పక్కన నిప్పు పెట్టుకుంటారా, ఒళ్ళు తెలియకుండా కాలిపోయిన వాళ్ళను చూసినానని. తెలిసింది మేడం అన్నాను. తిట్టడం ఆపింది. కళ్ళు మూసుకోమని పెన్ను మొనతో గుచ్చుతూ అడిగింది. బొటనవేలు తెలిసింది. చూపుడువేలు ఒకసారి తెలిసింది, ఒకసారి లేదు. మిగతా మూడూ లేవు.

స్పానరు పట్టుకుంటానా అని అడిగాను. ఆ మాట నేను చెప్పలేను, బొటనవేలు వస్తుందని మాత్రం చెప్పగలను అంది. నాకు కోపం వచ్చింది. అయిదు వేళ్ళు ఉంటే ఒకదాని గురించి చెబుతుంది. అయినా తీగ ఎట్లా నొక్కుతున్నానో చూపించమంటే చూపించాను. వేలు పక్కకు జారుతోంది, గోరు వైపు కాదు, మెత్తటి వైపు ఆనించమంది. ఐరన్ మాత్రం ఆమె ఎదురుగా పట్టనివ్వలేదు.

దుర్గ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. రాత్రి బొబ్బకు మందు రాసింది. తను రాస్తుంటే చురుక్కుమంది. అది మాత్రం తనకు తెలిసింది, ఒక క్షణం చెయ్యి ఆపింది.

మే 28

మూడు తీగలు.

మే 29

రెండు. వేలు సాయంత్రానికి వణుకుతుంది.

మే 30, శుక్రవారం

మొత్తం ఏడు అతికాయి. ఎనిమిదోది కాల్చేశాను. అది లోపల మోటారుది, దెబ్బ తగిలినప్పుడు రిమోటు వణికేదానికి. కోళ్ళు మేపేటప్పుడు అది అక్కర్లేదు. పైన టేపు చుట్టాను. వంకరగా ఉంది. ఐటీఐ మొదటి సంవత్సరంలో నేను చేసిన పని ఇంతకంటే బాగుంటుంది.

పెట్టి చూద్దామంటే ప్లేస్టేషన్ బీరువా మీద ఉంది. రిమోటును దుర్గ టిఫిన్ క్యారియరు పక్కన పెట్టాను.

మే 31

అక్కడే ఉంది. క్యారియరు తీసుకుని పోయింది. రిమోటు ముట్టలేదు.

జూన్ 1, ఆదివారం

పొద్దున బట్టలుతికి ఆరేసి వచ్చింది. రిమోటు చేతిలోకి తీసుకుంది. టేపు మీద వేలు పెట్టి చూసింది. నేను అప్పుడే చెప్పాలనుకున్నాను, రెండు వారాలుగా మాటలు వరుసగా పెట్టుకుని ఉన్నాను, ఒక్కటీ రాలేదు. తప్పు మాటన్నాను, అని మాత్రం వచ్చింది. అదీ ముద్దగా.

"నువ్వు అన్నందుకు కాదు. పొద్దుగూకులూ ఐసులో చేతులు పెట్టి వస్తా. నాది అని ఇంత చోటుంటే అది గూడా నీదే అయిపోయె" అంది. ఆ కారు నీకంత ఇదైతే నాకు ఒకసారి చూపించి ఉండొచ్చు గదా అని కూడా అంది. అవునన్నాను.

స్టూలు ఎక్కి చీరమూట దించింది. గ్లాసులు తెచ్చి బోర్లించింది. రిమోటు పెట్టింది. పనిచేసింది.

పొలం తను వదిలిన చోటే ఉంది. పద్దెనిమిది రోజులు మేత వేయలేదు, కోళ్ళు చచ్చిపోయి ఉంటాయనుకుందట. ఉన్నాయి. ఆట ఆపితే అక్కడ పొద్దు కూడా ఆగుతుందని చెప్పాను. అదృష్టవంతులు అంది కోళ్ళను చూసి.

జూన్ 3

దుర్గ పనికి పోయాక గ్రాన్ టురిస్మో కొత్తగా మొదలుపెట్టాను. రబ్బరు విప్పేశాను. బొటనవేలు నొక్కుతుంది, కానీ మెల్లగా వదులుతుంది. పాతకారు, మొదటి లైసెన్సు, మొదటి పరీక్ష. కారు కదలాలి, గీత దగ్గర ఆగాలి. అంతే. ముప్పై రెండుసార్లు గీత దాటిపోయాను. ఇరవై ఆరేళ్ళ కిందట ఇది రెండోసారికే అయింది.

ఎక్సర్‌సైజు: ముప్పై రెండు.

జూన్ 5

ఆగింది కారు. కంచు పతకం. గోల్డుకు చాలా దూరం. దుర్గకు చూపించాను. ఇంతేనా అంది.

జూన్ 8, ఆదివారం

దుర్గ ఆవును కొనింది. పేరు పెట్టమని ఆట అడిగింది. ఒక్కో అక్షరం వెతికి నా పేరు కొట్టింది. ఆవుకు మగపేరేందన్నాను. రోజూ దగ్గరికి పోయి పలకరించకపోతే మూతి ముడుచుకుంటుందంట, పాలు కూడా ఇయ్యదంట. ఇంకేం పేరు పెట్టమంటావు అంది.